పళ్లెం అంచున వేలు

అద్దాలాయన పొద్దున లేవగానే, పళ్లు తోముకోకముందే, పాటల రికార్డులు వేసుకునే టర్న్‌టేబుల్ పళ్లేన్ని తిప్పి చూసేవాడు. చుట్టూ నల్లచుక్కలున్న గుండ్రటి అట్టముక్కను దాని మీద పెట్టి, పైన ట్యూబులైటు వేసి, మోకాళ్ల మీద కూర్చుని కళ్లు చిట్లించేవాడు. వేగం సరిగ్గా ఉంటే ఆ వెలుతురులో చుక్కలు కదలనట్టే నిలబడతాయి. ఏమాత్రం తేడా ఉన్నా ముందుకో వెనక్కో పాకుతాయి. అవి నిలబడ్డాకే ఆయన స్నానానికి లేచేవాడు. షాపులో వెంట్రుకవాసి తేడా రాకుండా కళ్లద్దాలు బిగించే మనిషి, ఇంట్లో మాత్రం ఎందుకు ఊరుకుంటాడు?

"పెళ్లికూతుర్ని చూసినట్టు చూస్తావేంట్రా దాన్ని!" అనేది అక్క వంటింట్లోంచి. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసి రిటైరైన మనిషి. ఉద్యోగం పోయినా ఆ గొంతు పోలేదు, మాట్లాడితే గోడ అవతలికి వినపడాల్సిందే. "ఆ చూపేదో ఒక్క ఆడపిల్ల మీద పెట్టుంటే ఈపాటికి నాకో మేనల్లుడుండేవాడు."

ఆయన చాదస్తానికి కారణం లేకపోలేదు. ఆ ఊళ్లో ఏ ఇంట్లోనైనా పళ్లెం తిరుగుతున్నంతసేపూ ఆ ఇంటి కాలం దాని వేగంతోనే నడుస్తుంది. ఎదురింటివాళ్లది ఉరుకుడు రకం. ఏడాది తిరక్కుండానే వాళ్ల పిల్లాడికి మూడు జతల బూట్లు ఇరుకైపోతాయి. వీధి చివరి లాయరుగారిది నత్తనడక. ఆయన ఒక్క కునుకు తీసి లేచేసరికి గుమ్మంలో పేపర్లు గుట్టపడి ఉంటాయి. అందుకే అక్కడ టర్న్‌టేబుల్ కొనడమంటే సంబంధం చూసినంత పని. నలుగుర్నీ అడుగుతారు, తిప్పి చూస్తారు, నచ్చకపోతే మర్యాదగా లేచి వస్తారు. అద్దాలాయన ఇల్లు మాత్రం బయటి ప్రపంచంతో సరిసమానంగా నడుస్తుందని పేరు. పైకి అనడు గానీ, ఆ పేరంటే ఆయనకు మహా గర్వం.

రెండు గదుల గోడల నిండా రికార్డులే. పాత సామాన్ల దుకాణాల్లో వెతికి తెచ్చినవి, ఇళ్లు ఖాళీ చేసేవాళ్ల దగ్గర బతిమాలి తెచ్చినవి. ఏ అట్ట ఎక్కడ చిరిగిందో, ఏ పాటలో ఎక్కడ గీత పడిందో కళ్లు మూసుకుని చెప్పేవాడు.

ఆ యేడు చలి మొదలయ్యే రోజుల్లో, ఒక ఉదయం చుక్కలు నిలబడలేదు. పాకాయి, తర్వాత పరిగెత్తాయి, ఆ తర్వాత మోటారులోంచి కాలిన వాసన వచ్చి అన్నీ ఆగిపోయాయి. అదే వారంలో అక్క కూడా కూరల సంచీతో మెట్లెక్కుతూ మధ్యలో ఆగిపోయింది. గోడకు ఆనుకుని, గాలి కోసం నోరు తెరిచి, "ఏం లేదురా, మెట్లు పెరిగాయి" అంది.

మెట్లు పెరగలేదని డాక్టరు చెప్పాడు. గుండె లోపల తలుపులాంటిదొకటి ఉంటుంది, అది అరిగిపోయింది, మార్చాలి. మార్చే డాక్టరు ఆ చుట్టుపక్కల ఒక్కడే, ఆయన దగ్గర వరస చాంతాడంత ఉంది.

"మా వంతు ఎప్పుడొస్తుందండీ?" అని అడిగాడు అద్దాలాయన.

"ఎండలు ముదిరేసరికి రావచ్చు. ఆసుపత్రి నుంచి ఫోన్ వస్తుంది. ఎత్తకపోతే ఆ వంతు తర్వాతి వాళ్లకి వెళ్లిపోతుంది, జాగ్రత్త."

"మరి అప్పటిదాకా అక్క..."

డాక్టరు కలానికి మూత పెట్టాడు. "చలికాలం దాటడమే కష్టమండీ" అన్నాడు.

ఆ మాట విన్నాక అద్దాలాయనకు ముద్ద దిగలేదు. షాపులో ఒకాయనకు కుడి కంటి అద్దం ఎడమవైపు బిగించి ఇచ్చాడు. అక్క మాత్రం ఎప్పటిలాగే కసురుకుంటూ, మధ్యమధ్యలో కుర్చీ వెతుక్కుంటూ తిరిగింది. 

పాత రేడియోలు, టర్న్‌టేబుళ్లు బాగుచేసి అమ్మే ముసలావిడను ఊరంతా పెద్దమ్మ అంటుంది. ఆవిడ బల్ల మీద అమ్మకానికి మూడు ఉన్నాయి. మొదటిది మోటారే పళ్లేన్ని నేరుగా తిప్పే రకం. అద్దాలాయన జేబులోంచి చుక్కల అట్ట తీసి పెట్టి చూశాడు. చుక్కలు మేకు కొట్టినట్టు నిలబడ్డాయి. ఆయన చెయ్యి తనకు తెలియకుండానే దాన్ని నిమిరింది. రెండోది పెట్టెలాంటిది, ఉరుకుతుంది. మూడోది రబ్బరు బెల్టుతో తిరిగేది. ఆ బెల్టు ఏనాడో సాగి వదులైపోయింది. పెద్దమ్మ దాని మీద ఏదో రికార్డు వేస్తే, పాడే మనిషి మత్తుమందు మింగి పాడుతున్నట్టు ఉంది.

అద్దాలాయన చెవులు మూసుకున్నాడు. ఇల్లంతా నెమ్మదించినప్పుడు పాట ఒక్కటే సాగిందని ఎలా తెలుస్తుందని మీరు అడక్కండి. రికార్డు మీది ముల్లు దగ్గర చెవి పెట్టి బతికినవాళ్లకు తెలుస్తుంది, అంతే.

"దీని సంగతేంటి పెద్దమ్మా? ఎంత నెమ్మది?"

"పెట్టినవాళ్లింట్లో ఒక పూట గడిస్తే బయట మూడు నాలుగు పూటలు గడుస్తాయి బాబూ. ఎవరూ కొనరు. ఇంటికొచ్చే చుట్టాలకి విసుగు." ఆవిడ ఆయన మొహంలోకి చూసి గొంతు తగ్గించింది. "అక్కకెలా ఉంది?"

ఆయన మొదటిదాని వైపు ఇంకోసారి చూశాడు. తర్వాత మూడోదాన్ని పసిపిల్లనెత్తుకున్నట్టు రెండు చేతులతో ఎత్తుకుని ఇంటికి నడిచాడు.

"నా కోసం నీ పాటలు చెడగొట్టుకోకురా" అంది అక్క దాన్ని చూసి.

"పాటలు ఎక్కడికీ పోవులే" అన్నాడు.

అప్పట్నుంచి ముల్లు ఎత్తిపెట్టి ఉత్త పళ్లేన్నే తిప్పుతూ వచ్చాడు. ఆయన షాపుకి వెళ్లి, పొద్దంతా పనిచేసి తిరిగొచ్చేసరికి అక్క పొద్దుటి వంటే ఇంకా పూర్తయ్యేది కాదు. "ఏంట్రా, తాళాలు మర్చిపోయావా? ఇప్పుడేగా వెళ్లావు?" అనేది. బయట చలి ముదిరింది. లోపల అక్క ఆయాసం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. అది చూసినప్పుడు ఆయనకు ప్రాణం లేచొచ్చేది. కానీ పాట లేని ఇల్లు ఆయన్ను లోపల్నుంచి తినేస్తుండేది. గోడల నిండా ఉన్న రికార్డుల మధ్య చెవిటివాడిలా తిరిగేవాడు.

అలాంటి రోజుల్లో, చెత్త సామాన్లు కొనే అతను ఒక రికార్డు తెచ్చి షాపు బల్ల మీద పెట్టాడు. అద్దాలాయన అట్ట చూసి కూలబడ్డాడు. మీసాలు రానప్పట్నుంచీ వెతుకుతున్న రికార్డు అది. ఒక గాయని తొలిసారి పాడినది, మొట్టమొదటి అచ్చు. మీద ఒక్క గీతైనా లేదు.

పెద్దమ్మ షాపుకి తీసుకెళ్లి ఆ మంచి టర్న్‌టేబుల్ మీద వినొచ్చు కదా? వినొచ్చు. కానీ అలాంటి రికార్డును మొదటిసారి తన గదిలో, తన కుర్చీలో కూర్చుని తప్ప వినకూడదు. రికార్డుల పిచ్చి ఉన్నవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు, లేనివాళ్లకు చెప్పినా ఎక్కదు. అక్క పక్కగదిలో పడుకుని ఉంది. ఒక్క వైపు విని మళ్లీ ఎప్పటిలాగే తిప్పేస్తే కొంపేం మునగదనుకున్నాడు.

సాగిన బెల్టును మరిగే నీళ్లలో వేస్తే ముడుచుకుంటుందని వాళ్లందరికీ తెలిసిన కిటుకే. వేశాడు. తీసి తుడిచి తగిలించాడు. పాట సరైన శ్రుతిలో మొదలైంది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎన్నాళ్లకు! కళ్లు మూసుకున్నాడు. చల్లారేకొద్దీ బెల్టు ఇంకా బిగిసింది. గొంతు కాస్త సన్నబడింది, లేతదైంది, తాళం చురుకెత్తింది. ఇంకో రోజైతే ఆయన చెవి ఆ తేడాను ఇట్టే పట్టేసేది. ఆ రోజు మాత్రం, 'మొదటి అచ్చంటే ఇదీ! ఈ మెరుపు తర్వాతి వాటిలో ఎక్కడుంది?' అని తల ఊపాడు. వైపు పూర్తయ్యేదాకా ఊపుతూనే ఉన్నాడు.

ముల్లు లేచిన చప్పుడుకి కళ్లు తెరిస్తే, గుమ్మంలో అక్క. రెండు చేతులా తలుపు పట్టుకుని నిలబడి ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి. పాదాలు చెప్పులు పట్టనంతగా వాచాయి.

"ఒరేయ్... నేను... ఎన్నాళ్లు పడుకున్నాను?"

ఆయన ఒక్క ఉదుటున వెళ్లి మోటారు ఆపేశాడు. కిటికీలోంచి చూస్తే వీధిలో అదే ఎండ, అదే నీడ. బయట అరగంట కూడా కాలేదు. ఇన్నాళ్లూ నెమ్మదించి ఉన్న అక్క గుండె మాత్రం ఆ ఉరుకుడు తట్టుకోలేక, చలికాలం మొత్తం నడిచినంత అరిగిపోయింది.

"నేనే చేశానక్కా. బెల్టు బిగించాను. పాట కోసం." మాట పూర్తికాకుండానే ఏడుపొచ్చింది. "నేనే..."

అక్క మెల్లగా వచ్చి ఆయన కుర్చీలో కూలబడింది. చాలాసేపు ఊపిరి కూడదీసుకుంది.

"పాట బాగుందా?"

"అక్కా!"

"చెప్పరా, అడిగానుగా."

"బాగుంది."

"పోన్లే. బాగోకపోయుంటే నీ వీపు చీరేసేదాన్ని" అంది. నవ్వబోయి దగ్గింది. ఆ దగ్గు ఆగేదాకా ఆయన ఆమె వీపు నిమురుతూనే ఉన్నాడు.

పెద్దమ్మకు ఫోన్ చేశాడు. ముడుచుకున్న బెల్టు మళ్లీ సాగాలంటే ఏళ్లు పడుతుందంది ఆవిడ. వదులు బెల్టు ఇంకోటి ఊళ్లో లేదు. "దేన్నైనా ఆనించి నెమ్మది చేసి చూడు బాబూ. అయితే పూర్తిగా ఆగిపోకూడదు సుమా. ఆగిందంటే బయటి కాలం వచ్చి మీద పడుతుంది."

పుస్తకం ఆనించి చూశాడు, ఆగిపోయింది. గుడ్డ చుట్టి చూశాడు, జారిపోయింది. చివరికి టర్న్‌టేబుల్ ముందు నేల మీద చతికిలబడి, మోటారు వేసి, ఎవరినీ ముట్టుకోనివ్వని ఆ పళ్లెం అంచుకు తన చూపుడువేలు ఆనించాడు. పళ్లెం మూలిగింది, మందగించింది. ఇంకొంచెం నొక్కాడు. ఆగిందో లేదో తెలియనంత నెమ్మదిగా, పురుగు పాకినట్టు, తిరిగింది. కిటికీలో ఎండ ఒక్క అడుగులో గది దాటి వెళ్లిపోయింది. చీకటి పడి మళ్లీ తెల్లారింది. అక్క ఇంకా ఒక్క ఊపిరి కూడా పూర్తిగా తీసుకోలేదు.

"సరే, ఎండాకాలం ఇట్టే వచ్చేసేలా ఉంది" అంది అక్క. అంతలోనే ఆమె మొహం మారింది. "ఒరేయ్, మరి ఫోన్?"

 బయట కాలం అంత వేగంగా పరిగెడుతుంటే, ఆసుపత్రి ఫోన్ మోగి ఆగిపోవడానికి ఇక్కడ ఎంతసేపు పడుతుంది? రెప్పపాటు కూడా పట్టదు. ఇంత నెమ్మదిగా తిప్పితే ఫోన్ అందదు, వేగంగా తిప్పితే అక్క అందదు.

"ఫోన్ నాకొదిలెయ్. ఎక్స్ఛేంజీలో గంట మోగకముందే లైను కలిసిన సంగతి తెలిసేది నాకు. ఇలా దగ్గరికి లాగు" అంది.

ఆయన ఖాళీ చేత్తో ఫోన్ బల్లను ఆమె దగ్గరికి లాగాడు. ఆమె రిసీవరు మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకుని కూర్చుంది. ఆయన వేలు అంచున, ఆమె చెయ్యి ఫోన్ మీద. వాళ్ల లెక్కలో అది ఒక్క మధ్యాహ్నం. కిటికీ అవతల చెట్టు ఆకులన్నీ ఒక్కసారిగా రాల్చేసింది. ఎదురింటి పిల్లాడు తలుపు తీసుకుని బయటికి వెళ్లి మీసాలతో తిరిగొచ్చాడు. ఎవరో వచ్చి తలుపు తట్టినట్టున్నారు, కందిరీగ రెక్కల చప్పుడులా వినిపించి పోయింది. వేలు మంట పుట్టింది, తర్వాత తిమ్మిరెక్కింది. ఆ తిమ్మిరిలో నొక్కు ఎక్కువై పళ్లెం ఆగిపోతుందేమోనని ఆయనకు ఒకటే భయం. చెమట కళ్లలోకి కారుతున్నా తుడుచుకోలేదు.

"పట్టు తప్పుతోందక్కా."

"మాట్లాడకు. విననీ."

చెట్టు చిగురు తొడిగింది. చిగురు ముదిరింది. ఎండ తెల్లగా గోడ మీదికి వచ్చిపోతోంది, వచ్చిపోతోంది. అదే ఎండాకాలం. ఫోన్ వచ్చి పోయిందేమో? ఆ కందిరీగ చప్పుడే ఫోనేమో? అడుగుదామని నోరు తెరవబోయాడు.

చిన్న టిక్కుమన్న చప్పుడు. గోరుతో గాజును తట్టినంత.

అక్క అప్పటికే రిసీవరు ఎత్తేసింది. అందులోంచి పిచ్చుక అరుపులాంటిది వచ్చింది.

"వేలు తియ్యకు, మోటారు ఆపు!" అని అరిచింది, పాత ఎక్స్ఛేంజీ గొంతుతో. ఆయన ఎడంచేత్తో మీట నొక్కాడు. పళ్లెం ఆగిపోయింది. ఇల్లు కుదుపుతో బయటి కాలంలోకి వచ్చి నిలబడింది. వీధిలో సైకిలు గంట సైకిలు గంటలాగే వినిపించింది. ఫోన్‌లో పిచ్చుక అరుపు మెల్లగా ఒక అమ్మాయి గొంతయింది.

"హలో? హలో? ఆసుపత్రి నుంచండీ. ఆపరేషన్ వరసలో ఈ నంబరు రాయించారు. వంతు వచ్చింది, రేపే."  ఆ పనిలో అలవాటైన జంకుతో గొంతు తగ్గించింది. "ఏమీ అనుకోకండి, అడగాలి కాబట్టి అడుగుతున్నాను. ఈ వరసలో చాలామంది అప్పటిదాకా... అంటే, ఆవిడ ఉన్నారాండీ?"

అక్క తమ్ముడి వైపు చూసింది. నేల మీద, బొబ్బలెక్కిన వేలును ఇంకా పళ్లెం అంచు మీద నుంచి తీయకుండా కూర్చుని ఉన్నాడు.

"ఆవిడే మాట్లాడుతున్నానమ్మా" అంది.