ఈటె ఫెర్డీలియా ఓట్లకు నిలబడ్డప్పుడు

మా పెద్దమ్మ కూతురు ఫెర్డీలియా ఎన్నికల్లో నిలబడుతోందని రేడియో చెప్పిన పొద్దున నా రొట్టెల కొట్టు ముందు పదిమంది ఉన్నారు. ఒక్కరి మొహంలోనూ సంతోషం లేదు.

"ఎవరు నిలబెట్టారట?" అంది చేపలమ్మే ఆల్ఫొన్సీన్ అత్త, కోకో టీ ఊదుకుంటూ.

"తనే నిలబడుతోంది అత్తా," అన్నాను.

"వెనకాల ఎవరూ లేకుండా ఎవరన్నా నిలబడతారటే, జోవితా? ఈటె విసిరే చెయ్యి అది. ఆ చెయ్యి ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో కనుక్కో."

ఫెర్డీలియా అక్క ఈటె విసిరేది. మా డొమినికా దీవి అంటే మ్యాపులో వేలు పెట్టి వెతుక్కోవాల్సిన దేశం. అలాంటి దేశానికి ఆమె పెద్ద పోటీల్లో పతకం తెచ్చింది. ఆరోజు రాజధాని నుంచి మా ఊరు ఆన్స్‌గ్రీ దాకా జనం రోడ్డు పక్కన నిలబడి పళ్ళేలు వాయించారు. తర్వాత భుజం పాడైంది. ట్రినిడాడ్ వెళ్ళి చాలా ఏళ్ళు బళ్ళో ఆటలు నేర్పింది. పెద్ద తుఫాను మా ఇళ్ళ కప్పులన్నీ ఎత్తుకుపోయిన ఏడు, పెద్దమ్మని చూసుకోడానికి తిరిగొచ్చింది. సముద్రం పక్క మైదానంలో పిల్లలకి వెదురు కర్రలతో విసరడం నేర్పేది. అప్పటిదాకా ఆమె ఊరందరి మనిషి. పాలక పార్టీ చొక్కా తొడుక్కున్నాక సగం ఊరికే సొంతమైంది. ఆ సగానికీ అనుమానమే.

అనుమానానికి మేత కూడా దొరికింది. నల్లద్దాల జీపొకటి వారానికి రెండుమూడుసార్లు పెద్దమ్మ ఇంటిముందు ఆగేది. అందులోంచి మంత్రి ప్రాస్పర్ గ్రెల్ దిగేవాడు, లోపల అరగంట కూర్చుని నవ్వుతూ వెళ్ళేవాడు. ఏం మాట్లాడారే అక్కా అని అడిగితే, "ఊళ్ళో ఎవరికి ఏం కావాలో అడుగుతాడు. నేను అడిగినవి మాత్రం వినడు," అనేది. నిజమే చెప్పిందో, నన్ను వదిలించుకుందో నాకు తెలియలేదు. నా మనసులోనూ ముల్లు గుచ్చుకుంది, ఎందుకు దాచాలి?

ఎన్నికలకి నెల ముందు మైదానంలో ఎర్ర రంగేసిన గూటాలు వెలిశాయి. తెల్లారేసరికి అక్కడ ఉన్నాయి, అంతే. ఎవరు పాతారో చూసినవాళ్ళు లేరు.

"హోటలు కడతారు," అన్నారు ఎదుటి పార్టీవాళ్ళు. వాళ్ళ అభ్యర్థి లాంబర్ట్ సెరాఫిన్ మా ఊరి బియ్యం కొట్టు యజమాని. మైకు పట్టుకుని, "మీ పతకాల పిల్ల మీ పిల్లల మైదానాన్ని అమ్మేసింది!" అని ఊరంతా తిరిగాడు.

"లాంబర్ట్ మనుషులే పాతి, మా మీద తోస్తున్నారు," అన్నారు మంత్రి మనుషులు.

అక్క రెండు గూటాలు పీకి చంకలో పెట్టుకుని నా కొట్టుకొచ్చింది. చెప్పులనిండా బురద.

"ఇవెవరివే?"

"నిన్నే అడుగుతున్నారక్కా అందరూ."

"నువ్వు కూడానా?"

నేను రొట్టెలు సర్దుకుంటూ ఉండిపోయాను. ఆమె గూటాలు అక్కడే వదిలేసి వెళ్ళింది.

ఆ ఆదివారం చర్చి అయ్యాక చేపల రేవులో పెద్ద సభ. బ్యాండు, వేపిన రొట్టెపనసకాయ ముక్కలు, చల్లని బీరు. మంత్రి గ్రెల్ అక్క భుజంమీద చెయ్యేసి, "మీ మైదానం మీదే! ఫెర్డీలియా మీకు మాటిస్తుంది," అని మైకు ఆమెకిచ్చాడు.

ఆమె మైకు అందుకుంది.

"నేను మాటివ్వలేను," అంది. "ఆ గూటాలేంటని మా పార్టీలో ముగ్గుర్ని అడిగాను. ఒకాయన మురుగుకాలవ కోసమన్నాడు. ఇంకొకాయన దీపాల స్తంభాలకన్నాడు. మూడో ఆయన, గెలిచాక మాట్లాడుకుందాం అన్నాడు. ఆ మూడో ఆయన ఇక్కడే ఉన్నాడు. నాకు చెప్పనిది మీ ముందు చెప్తాడేమో. మంత్రిగారూ, అవి ఎవరివి?"

గ్రెల్ పెద్దగా నవ్వాడు. "చూశారా, మన పిల్ల ఎంత గట్టిదో!" అంటూ చేతి సైగ చేశాడు. బ్యాండు మొదలైంది.

ఆ దెబ్బతో ఊరు ఆమె వెనక నిలుస్తుందనుకున్నాను. నా పిచ్చి గానీ!

మర్నాడే ఆల్ఫొన్సీన్ అత్త తేల్చేసింది. "అదంతా నాటకం. మంత్రీ, అదీ కలిసి ఆడారు. నిజాయితీపరురాలని ఓట్లు పడాలిగా!"

"కాదత్తా, లాంబర్టే దానికి డబ్బిచ్చాడు, సొంత పార్టీని ముంచమని," అన్నాడు ఆమె అల్లుడు.

"రెండు చేతులా తింటోందేమో!"

చివరి మాటకి అందరూ నవ్వారు. నేను మాత్రం కోకో గిన్నె గట్టిగా దించి, "ఆవిడ ఇంటింటికీ నడిచొస్తోంది. అనుమానముంటే మొహం మీదే అడగండి," అన్నాను.

జీపు మళ్ళీ రాలేదు. పార్టీకి అభ్యర్థిని మార్చే గడువు దాటిపోయింది కాబట్టి ఓటు కాగితం మీద ఆమె పేరు అలాగే ఉంది. జెండా పట్టుకోడానికి మనిషి లేడు. కొట్టు మూసేసి, ఓట్లడగడానికి నేనే ఆమెతో కొండమీది ఇళ్ళకి ఎక్కాను. అందరూ కుర్చీ వేశారు, నిమ్మరసం ఇచ్చారు, ఈటె రోజులు గుర్తుచేసుకుని కళ్ళు తుడుచుకున్నారు. ఓటు మాటెత్తగానే గుమ్మం వైపు చూశారు.

దిగుతున్నప్పుడు ఆమె అంది: "పోటీలో ఎదుటివాళ్ళెవరో తెలిసేది జోవితా. ఇక్కడ అందరూ కౌగిలించుకుంటున్నారు."

చిత్తుగా ఓడింది. లాంబర్ట్ గెలిచాడు, గ్రెల్ పార్టీ దిగిపోయింది. గూటాలు మాయమయ్యాయి. ఊరు ఊపిరి పీల్చుకుంది.

వర్షాలు తగ్గాక లాంబర్ట్ బావమరిది లారీలు తెచ్చి మైదానంలో సగానికి ఇనుప కంచె వేయించాడు. సిమెంటు గోదాములట, ఊరికి ఉద్యోగాలట.

ఆ మధ్యాహ్నం ఆల్ఫొన్సీన్ అత్త, ఇంకో ఇరవైమంది పెద్దమ్మ ఇంటికొచ్చారు. అక్క వాకిట్లో చామదుంపలు చెక్కు తీస్తోంది.

"నీకు ముందే తెలుసు కదే?" అంది అత్త.

"తెలీదు. తెలీదనేగా సభలో చెప్పాను."

"సరే, ఇప్పుడేం చేద్దాం?"

"వెళ్ళి అడుగుదాం."

"ఎవర్ని?"

"కంచె వెనకున్నవాణ్ణి, లాంబర్ట్‌ని. పదండి."

కత్తి కడిగి పెట్టి లేచింది. రేవు దాకా ఇరవైమంది నడిచారు. బియ్యం కొట్టు కనబడేసరికి సగం మంది ఆగిపోయారు. వాళ్ళకి ఆ కొట్టులో సరుకులు కావాలి మరి. మిగిలినవాళ్ళం వెళ్ళాం. లాంబర్ట్ కొట్టులోంచి బయటికొచ్చి, కోపంతో ఎర్రబడి, చాలాసేపు వాదించాడు. మరుసటి వారమూ వెళ్ళాం. ఆ తర్వాత కూడా. కంచె పోలేదు. కానీ గోదాము చిన్నదైంది, కంచె వెనక్కి జరిగింది, పిల్లలు పరిగెత్తడానికి చాలినంత గడ్డి మిగిలింది.

తర్వాతి ఏడు అక్క ఊరి కౌన్సిల్‌కి నిలబడింది, ఏ పార్టీ రంగూ లేకుండా. అతికొద్ది ఓట్లతో గెలిచింది. ఆల్ఫొన్సీన్ అత్త ఓటేసొచ్చి వేలి సిరా నాకు చూపించింది.

"నమ్మావా అత్తా చివరికి?"

"నమ్మడమేంటే? కౌన్సిల్ గది మా ఇంటి ఎదురే కదా. కిటికీలోంచి చూస్తూ కూర్చుంటా," అని కోకో ఇంకో గ్లాసు పోయమంది.