తాళంచెవి ఉన్నవాళ్ళది ఆఖరి వంతు

డాన్యూబ్ నది ఒడ్డున ఉన్న లోమ్ ఊళ్ళో ఖగోళ సంఘానికి ఉన్న ఆస్తంతా పాత నీళ్ళ ట్యాంకు మీదే ఉంది. నూటపన్నెండు మెట్లెక్కితే ఒక గది, దాని నెత్తిన ఒక గుమ్మటం. గదిలో మూడు బీరువాల పుస్తకాలు, గుమ్మటంలో పెద్ద టెలిస్కోపు, సభ్యులు ఇంటికి తీసుకెళ్ళడానికి రెండు చిన్నవి, ఒక కాలు పొట్టిగా ఉన్న కుర్చీ ఒకటి. ఇన్నిటికీ కలిపి ఒకటే తాళంచెవి. పాతకాలపు ఇనుప చెవి. జేబులో వేసుకుంటే మనిషి ఒక పక్కకి ఒరిగి నడవాల్సిందే.

ఆ తాళంచెవి పదకొండేళ్ళుగా పెట్కానా దగ్గర ఉంది. చక్కెర మిల్లు ప్రయోగశాలలో ముప్పై ఏళ్ళు సీసాలకి చీటీలు అంటించి రిటైరైన మనిషి. ఏ పుస్తకం ఎవరింట్లో ఉందో, ఏ కటకం ఎవరి సొరుగులో దుమ్ము తింటోందో రిజిస్టరు తెరవకుండా చెబుతుంది. పుస్తకం మడత పడిన పేజీతో తిరిగొచ్చిందంటే తెచ్చినవాడి మొహం కూడా మడత పడేదాకా వదలదు.

సంఘాన్ని పెట్టిన స్పాస్ మేష్టారు పోయి చాలా కాలమైంది గానీ ఆయన నియమాలు గోడ మీద అద్దం వెనక భద్రంగా ఉన్నాయి. పుస్తకం రెండు వారాలు, కటకం వారం, చిన్న టెలిస్కోపు నెల. తాళంచెవి మాత్రం చేతి నుంచి చేతికే మారాలి, పుచ్చుకున్నవాళ్ళు టైము వేసి రిజిస్టర్లో సంతకం పెట్టాలి. అన్నిటికన్నా కింద, ఎర్ర సిరాతో: "తాళంచెవి ఎవరి దగ్గరుంటే వాళ్ళు ఆఖరున చూడాలి." ఆ రోజుల్లో చెవి పెట్టుకున్న ఒక మందుల షాపాయన తెల్లవార్లూ టెలిస్కోపుకి కన్ను అతికించుకుని కూర్చునేవాడట. వడ్డించేవాడు ముందు తినేస్తే పంక్తి చివరివాడికి గరిటె చప్పుడే మిగులుతుందని మేష్టారు ఈ నియమం పెట్టారు.

వడ్డించేవాడు మనవాడైతే కడపంతిలో కూర్చున్నా పరవాలేదంటారు. ఇక్కడ వడ్డించేదీ పెట్కానాయే, కడపంతిలో కూర్చునేదీ పెట్కానాయే. మామూలు రోజుల్లో ఆవిడకి దాంతో పేచీ లేదు. శని వలయాలు ఇవాళ కాకపోతే రేపుంటాయి.

శుక్రుడు అలా కాదు. ఎనిమిదేళ్ళ కిందట, 2004 జూన్‌లో, శుక్రుడు సూర్యుడి ముందు నుంచి నల్లటి చుక్కలా నడిచి వెళ్ళాడు. ఆ నల్లచుక్క మీద పెట్కానాకి పెద్ద మోజు లేదు. ఆవిడకి కావాల్సింది చివరి ఘడియ. శుక్రుడు సూర్యుడి అంచు దాటి సగం బయటికి వచ్చినప్పుడు, ఆ బయటి సగం చుట్టూ వెంట్రుకంత సన్నగా ఒక వెలుగు గీత కనబడుతుంది. శుక్రుడి గాలిలోంచి వంగి వచ్చే వెలుగు అది. సంఘం పుస్తకంలో దాని గురించి ఉన్న పేజీని ఎన్నిసార్లు చదివిందంటే, అది ఊడిపోతే ఆవిడే మళ్ళీ అంటించింది.

ఆ రోజు ఊరంతా వచ్చింది. పెట్కానా వరస నిలబెట్టింది, పిల్లల్ని ఎత్తి చూపించింది, ముసలివాళ్ళకి కుర్చీ వేసింది. మధ్యాహ్నం రెండు దాటాక, సరిగ్గా ఆ వెలుగు గీత టైముకి, టెలిస్కోపు దగ్గర టోపీ లేని ఒక బట్టతల కనబడింది. ఆ తల వెనక ఇక మిగిలింది పెట్కానా ఒక్కతే. తల పక్కకి తప్పుకుంది, మబ్బు వచ్చి కూర్చుంది. సాయంత్రం దాకా కదల్లేదు.

ఆ రాత్రి రిజిస్టరు తిరగేస్తే ఆవిడకి అసలు సంగతి తెలిసింది. చూసిన ప్రతివాళ్ళూ పేరూ టైమూ రాయాలి. పొద్దున "కెప్టెన్ మింకో" అని ఒక సంతకం. పదింటికి "ఒక రైతు". రెండున్నరకి కాస్త ముందు "అభిమాని". మూడింటిలోనూ అదే చేతిరాత, పడవ లాగ్‌బుక్కులో రాసినట్టు నిటారుగా. మింకో డాన్యూబ్ మీద ముప్పై ఐదేళ్ళు, సరుకు పడవల్ని లాక్కెళ్ళే లాగుడు పడవ నడిపిన మనిషి. పొద్దున కెప్టెన్ టోపీతో వచ్చాడు, తర్వాత గడ్డి టోపీతో వచ్చాడు, ఆఖరికి టోపీ లేకుండా వచ్చాడు. ఆయన బట్టతల అప్పటిదాకా ఊళ్ళో ఎవరూ చూసి ఉండకపోవడంతో ఎవరూ పోల్చుకోలేదు.

పెట్కానా ఒక్క మాట అనలేదు. అడిగి కడిగేస్తే ఒక పూటలో తీరిపోయే కోపం అది. ఆవిడకి అలా తీరిపోవడం ఇష్టం లేకపోయింది. మింకోకి చంద్రుడంటే ప్రాణం. సంఘంలో చంద్రుడి పటాల పుస్తకం ఒకటుంది, పెద్దది, దేశంలో ఇంకెక్కడా సులువుగా దొరకనిది. ఆ వారం నుంచీ అది బయటికి వెళ్ళిపోయింది.

"వచ్చిందా?" అని నెలకోసారి అడిగేవాడు మింకో.

"లేదు కెప్టెన్ గారూ."

"ఎవరు పట్టుకెళ్ళారు?"

"సభ్యులే."

పుస్తకం ఆవిడ బల్ల కింద సొరుగులో, పాత కర్టెను గుడ్డలో చుట్టి ఉంది. కటకం అడిగితే బూజు పట్టినది ఇచ్చేది. కూర్చోమంటే పొట్టికాలు కుర్చీ చూపించేది. పొమ్మనలేక పొగబెట్టడం అంటే ఇదే గానీ, మింకో పోలేదు. ఏది ఇస్తే అది పుచ్చుకుని, ఆ కుర్చీలోనే ఒక పక్కకి ఒరిగి కూర్చునేవాడు. పైగా ప్రతి కొత్త సంవత్సరం విందులో రెండు గుక్కలు పడ్డాక "ఆ వెలుగు గీత ఉంది చూశారూ" అని మొదలుపెట్టేవాడు. పెట్కానా లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది.

ఇప్పుడు 2012 జూన్ ఆరున శుక్రుడు మళ్ళీ వస్తున్నాడు. ఆ తర్వాత రావడం 2117లో. పెట్కానాకి అరవై నాలుగేళ్ళు. లెక్క వేయనక్కర్లేదు.

ఈసారి ఆరు గంటల తీరుబడి కూడా లేదు. సూర్యుడు ఉదయించేసరికే శుక్రుడి నడక చాలావరకు అయిపోయి ఉంటుంది. పొద్దున ఎనిమిది లోపల అంతా ముగుస్తుంది. ఆఖరున చూసేవాళ్ళకి ఈసారీ గరిటె చప్పుడే. అందుకని వారం ముందే పెట్కానా తాళంచెవి వదిలించుకోవడానికి బయల్దేరింది.

మొదట దాంకా సెలూన్‌కి వెళ్ళింది. నిరుడంతా ఆ చెవి కోసం వెంటపడ్డ పిల్ల దాంకాయే. గుమ్మటంలో వెన్నెల బాగుంటుందని, తనకి కాబోయే వాడికి చూపించాలని.

"ఇదిగో, పట్టుకో. నెల రోజులు నీ దగ్గరే ఉంచుకో," అంది పెట్కానా.

"అయ్యో పిన్నీ, చేతులు ఖాళీ లేవు, రంగు," అని దాంకా రెండు చేతులూ పైకెత్తింది. కుర్చీలో ఎవరూ లేరు. గిన్నెలో రంగూ లేదు.

"ఆ వెన్నెల ఏమైందే?"

"పెళ్ళయిపోయింది కదా పిన్నీ, ఇంకెందుకు వెన్నెల!"

అక్కణ్ణుంచి సంఘం అధ్యక్షుడు ఎవ్లోగి ఇంటికి. బళ్ళో భౌతికశాస్త్రం చెబుతాడు. చెవి బల్ల మీద పెట్టగానే బల్లికి దడిసినట్టు వెనక్కి జరిగాడు.

"అధ్యక్షుడి దగ్గర తాళంచెవి కూడా ఉంటే అధికారమంతా ఒకేచోట పోగుపడుతుంది పెట్కానా గారూ. అది ప్రజాస్వామ్యానికి మంచిది కాదు."

"పోయినేడాది నువ్వే కదయ్యా నాకివ్వండి, నాకివ్వండి అని ప్రాణం తీశావు?"

"అప్పుడు నాకింత అవగాహన లేదండీ."

ఐదు రోజుల్లో పధ్నాలుగు మందిని అడిగింది. ఒకడికి నడుం నొప్పి, ఇంకొకడికి ఇనుము పడదట. "పోనీ వెల్డింగ్ అద్దంలోంచి చూసెయ్ అత్తా, చుక్క కనబడుతుందిగా," అన్నాడు మరొకడు. "ఆవగింజ చూడ్డానికా ఎనిమిదేళ్ళు కాచుకున్నాను!" అని అరిచి వచ్చేసింది. టెలిస్కోపులోంచి సూర్యుడి బొమ్మ గోడ మీద పడేలా చేద్దామంటే, క్రితంసారి అలా చేసే ఒక మంచి కటకం ఎండ వేడికి పగలగొట్టుకున్నారు. అడగనిది మింకోని ఒక్కణ్ణే. ఆయన్ని అడగడం కంటే 2117 దాకా బతకడమే తేలికనిపించింది ఆవిడకి.

ఆరో తారీఖు తెల్లవారకముందే పెట్కానా తలుపు తెరిచింది. పెద్ద టెలిస్కోపుకి సూర్యుడి వడపోత అద్దం తనే బిగించింది, రెండుసార్లు సరిచూసింది. ఐదూ ముప్పావుకి సూర్యుడు వచ్చే ఉంటాడు గానీ నది మీద పొగమంచు గోడ కట్టినట్టుంది. ఆరున్నరకి మంచు విడిచేసరికి వరస మెట్ల కింద రోడ్డు దాకా పాకింది. ఎవ్లోగి మూడు తరగతుల పిల్లల్ని వెంటబెట్టుకొచ్చాడు. పిల్లలు గదిలో పుస్తకాల మీద పడతారని పెట్కానా గదికి తాళం వేసి పైకొచ్చింది.

"మనిషికి ముప్పై అంకెలు! ఎక్కువ చూస్తే మెట్ల మీంచి తోసేస్తాను!" అని కేకేసి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

ఏడుంపావు. శుక్రుడు అంచు దగ్గరికి చేరుతున్నాడని చూసినవాళ్ళు చెబుతున్నారు. ఏడున్నర. వరస తరగడం లేదు. ముప్పై అంకెల్ని ఇరవై చేసింది. తర్వాత పదిహేను చేయబోయి, ముందున్న ఆరేళ్ళ పిల్ల మొహం చూసి మళ్ళీ ముప్పైకే పోయింది. నియమం అంటే నియమమే. ఆవిడ అంకెలు ఆపలేదు.

ఏడు నలభైకి వరసలో మింకో వంతు వచ్చింది. కెప్టెన్ టోపీ పెట్టుకున్నాడు, ఒగురుస్తున్నాడు. ఆయన వెనక ఇంకా పాతిక మంది పిల్లలు.

"అంచు తాకేశాడట," అన్నాడు.

"చూసి జరగండి."

"ముందు ఆ తాళంచెవి ఇటివ్వు. కళ్ళజోడు కింద గదిలో మరిచిపోయాను."

"ఇప్పుడా? ప్రాణం తీయడానికే పుట్టారా మీరు?"

"చూడొద్దా నేను?"

వాదించే ఓపిక లేక రిజిస్టరు ముందుకు తోసింది. మింకో "7:41, తాళంచెవి పుచ్చుకున్నాను" అని నిటారు అక్షరాలతో రాసి సంతకం పెట్టాడు. చెవి జేబులో వేసుకున్నాడు. కిందికి మాత్రం దిగలేదు.

"ఇప్పుడు చెవి ఎవరి దగ్గరుంది?"

"మీ దగ్గరే. వెళ్ళండి మరి!"

"అయితే ఆఖరున చూడాల్సింది నేను. ఈ వంతు ఖాళీ. నీకిస్తున్నా, పుచ్చుకో."

పెట్కానాకి అంకెలు తప్పిపోయాయి. "వంతులు ఇచ్చుకోవచ్చని నియమాల్లో లేదు," అంది.

"కూడదనీ లేదు. పుస్తకాలిచ్చుకుంటాం, కటకాలిచ్చుకుంటాం. వంతు ఇవ్వకూడదా?" అని గొంతు తగ్గించాడు. "ఆ రోజు నేను మూడుసార్లు చూశాను పెట్కానా. మూడోది నీది."

"తెలుసు."

"తెలుసా! ఎప్పట్నుంచి?"

"ఆ రాత్రి నుంచే, అభిమాని గారూ."

మింకో టోపీ తీసి బట్టతల తుడుచుకున్నాడు. వెనక నుంచి ఒక పిల్ల, "అమ్మమ్మా, చూస్తే చూడు, లేకపోతే మేం చూస్తాం!" అని అరిచింది.

పెట్కానా వంగి కన్ను ఆనించింది. సూర్యుడి అంచు మీద నల్లటి గుండ్రం సగం లోపల, సగం బయట. బయట ఉన్న సగానికి, చీకటి మీద, వెంట్రుకంత సన్నగా వెలుగు గీత. పుస్తకంలో రాసినంత పెద్దగా ఏం లేదు. కానీ ఉంది. తన కళ్ళ ముందే ఉంది. ఆవిడకి ఏడుపొచ్చింది, కన్ను చెమ్మగిల్లితే గీత చెదిరిపోతుందని బిగబట్టుకుంది. ముప్పై దాకా ఎవరూ లెక్కపెట్టలేదు. లెక్కపెట్టేది ఆవిడే కదా.

"చాల్లే అమ్మమ్మా!"

జరిగింది. మిగిలిన పిల్లలకి పది అంకెల చొప్పున మింకో లెక్కపెట్టాడు, పడవకి తాడు వేయించేవాడి గొంతుతో. ఆఖరి పిల్లవాడు సూర్యుడికి అంచున చిన్న సొట్ట ఉందన్నాడు. తర్వాత మింకో వంగాడు. చాలాసేపు చూశాడు, రిజిస్టర్లో ఏదో రాశాడు.

అందరూ దిగిపోయాక పెట్కానా చదివింది. "7:58. సూర్యుడు ఉన్నాడు. గుండ్రంగా ఉన్నాడు. ఇంకెవరూ లేరు. కెప్టెన్ మింకో." ఒక్కటే సంతకం.

"గది తలుపు తీయండి," అంది.

మింకో తీశాడు. ఆవిడ బల్ల కింద సొరుగు లాగి కర్టెను మూట విప్పి, చంద్రుడి పటాల పుస్తకం ఆయన చేతుల్లో పెట్టింది.

"నిన్ననే తిరిగొచ్చింది."

మింకో కర్టెను గుడ్డనీ, సొరుగునీ, ఆవిడనీ చూశాడు. "ఎనిమిదేళ్ళు పెట్టుకున్నారా! ఎవరో గానీ మహా మొండి సభ్యులు."

"నాకు బాగా తెలిసిన మనిషే. రెండు వారాల్లో తెచ్చివ్వాలి. పేజీ మడత పడకూడదు."

"సరే సరే. ఇదిగో నీ తాళంచెవి."

పెట్కానా రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"చేతులు ఖాళీ లేవు కెప్టెన్ గారూ," అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.