నేత వచ్చని రాయలేదు

సిద్దిరాములు పన్నెండో ఏట నుంచి సిరిసిల్లలో మగ్గం నేస్తున్నాడు. ఇప్పుడతనికి ముప్పై ఏళ్లు. చదివింది ఏడో తరగతి. 1959లో ఒకనాడు సహకార సంఘం గోడ మీద కాగితం అంటించారు. కాగజ్‌నగర్‌లో ప్రభుత్వం నేత నేర్పే కేంద్రం పెడుతోందట, అక్కడికి మాస్టరు కావాలట. 'నెలజీతం' అన్న మాట దగ్గర అతను ఆగి మళ్లీ చదివాడు. మర్నాడే మున్షీ అంబదాస్ దగ్గరికి వెళ్లాడు.

అంబదాస్ తహసీలు కచేరీ గోడకు ఆనుకొని కూర్చుని జనానికి అర్జీలు రాసిపెట్టేవాడు. నిజాం కాలమంతా ఉర్దూలో రాశాడు. కచేరీలో ఉర్దూ పోయాక నమూనా ఉత్తరాల పుస్తకం ఒకటి కొనుక్కుని ఇంగ్లీషులోకి మారాడు. పుస్తకంలో లేని సంగతి రాయాల్సి వస్తేనే కాస్త ఇబ్బంది.

"నీకేమేమొస్తది?" అని అడిగాడు అంబదాస్.

"నేత వస్తది, మున్షీ సాబ్."

"సిరిసిల్లల గది ఎవలికి రాదు? ఇంకేమన్న చెప్పు."

సిద్దిరాములుకు ఆ మాట సబబుగానే తోచింది. వాళ్ల వాడలో నేత వచ్చని చెప్పుకున్నవాడు ఇంతవరకూ లేడు. కాసేపు ఆలోచించి ఈత వచ్చన్నాడు. సైకిలు తొక్కుతానన్నాడు. రామాయణం రాగం తీసి చదువుతానన్నాడు. అంబదాస్ మూడూ రాసుకున్నాడు.

"ఇంట్ల ఎవలికన్న బీమారున్నదా?"

"మా ఆమెకు అప్పుడప్పుడు తిన్నది అరగది."

"గది పనికొస్తది," అని అంబదాస్ దాన్ని ఒక పేరా చేశాడు.

దరఖాస్తు నాలుగు పేజీలైంది. అందులో సిద్దిరాములు వంశం, సత్ప్రవర్తన, సత్తమ్మ జీర్ణశక్తి, అధికారిగారి సంతానం నిండు నూరేళ్లు వర్ధిల్లాలన్న ప్రార్థన ఉన్నాయి. సిద్దిరాములుకు ఇంగ్లీషు రాదు. నాలుగు పేజీలనూ గౌరవంగా తిరగేసి, చివర తెలుగులో సంతకం పెట్టాడు.

ఇంటర్వ్యూకి రమ్మని కార్డు వచ్చింది. దరఖాస్తు పెట్టింది ఏడుగురే కాబట్టి ఏడుగురినీ పిలిచారు. సిద్దిరాములు ఉతికిన ధోవతి కట్టుకుని బస్సులో పెద్దపల్లి దాకా వెళ్లి, అక్కడ రైలెక్కి కాగజ్‌నగర్‌లో దిగాడు.

ఇంటర్వ్యూ చేసిన అధికారి శ్యాంసుందర్‌రావు. కోపిష్టి కాదు. ఎదురుగా ఉన్న కాగితాన్ని మొదటినుంచి చివరిదాకా చదివే అలవాటున్న మనిషి. నాలుగు పేజీలూ చదివి తలెత్తాడు.

"ఈతొస్తదా నీకు?"

"వస్తది సార్."

"ఈ కొలువుల ఈత పని ఎక్కడ పడుతది?"

"గది నాగ్గూడ తెల్వది సార్."

"మీ ఇంటామెకు ఇప్పుడెట్లున్నది?"

"మంచిగనే ఉన్నది సార్. జొన్నరొట్టె తిన్ననాడే జర పరేషాన్."

శ్యాంసుందర్‌రావు ఆ పేరా పక్కన చిన్న గీత పెట్టాడు. "అన్నీ రాసినవ్ గని, నేత వస్తదని యాడ రాయలే. నేత వస్తదా?"

ముప్పై ఏళ్లలో సిద్దిరాములును ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. "సిరిసిల్లోన్ని సార్," అన్నాడు చివరికి.

"సిరిసిల్లల టీచర్లున్నరు, టైలర్లున్నరు, పోలీసులున్నరు. కాగితం మీద ఏమున్నదో దానికే నేను మార్కులెయ్యాలె. ఈ కాగితం చూస్తే నువ్వు ఈదుతవు, సైకిల్ తొక్కుతవు."

సాయంత్రానికి ఫలితం చెప్పారు. కొలువు మెట్‌పల్లి నుంచి వచ్చిన దేవదాస్‌కు దక్కింది. వరండాలో సిద్దిరాములు అతని పక్కన నిలబడి, "అన్నా, ఏం రాసినవే?" అని అడిగాడు.

"ఏమున్నది? పదేండ్ల సంది మగ్గం నేస్తున్న, నలుగురికి నేర్పిన, గింతే," అన్నాడు దేవదాస్. "ఇంగ్లీషు రాక తెలుగుల్నే రాసిన."

సిద్దిరాములు మెట్లు దిగుతుంటే శ్యాంసుందర్‌రావు లోపలినుంచి పిలిచాడు. "వచ్చే నెల హుస్నాబాద్‌ల గూడ కేంద్రం తెరుస్తున్నరు. ఈసారి నువ్వే రాయి. ఒక్కటే కాగితం. దినాం ఏం పని జేస్తవో గది రాయి."

ఇల్లు చేరిన మర్నాడు సిద్దిరాములు కాగితం ముందు పెట్టుకుని పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. తన పేరు, ఊరు రాశాడు. ఆ తరువాత ఏం రాయాలో తోచలేదు. నూలు కండెలు చుడుతున్న సత్తమ్మ చూసి చూసి రాట్నం ఆపింది.

"నిలువు పోగులు పరిచి పడుగు జేస్తవని రాయి."

"గది గూడ రాస్తరా?"

"రాయకుంటె ఆ సారుకెట్ల తెలుస్తది? అచ్చుకు పోగులు అతుకుతవని రాయి. అంచు చీరె నేస్తవని రాయి. మా తమ్మునికి, పక్కింటి కిష్టవ్వ కొడుక్కు నేర్పింది నువ్వే గదా, గది రాయి."

ఆమె చెబుతుంటే అతను రాస్తూ పోయాడు. పేజీ నిండింది. ఇవన్నీ చేసే మనిషి ఎవరో వేరే ఉన్నట్టు, చదువుకుని కాస్త ఆశ్చర్యపోయాడు.

"నా రోగం మల్ల రాసినవా?" అని అడిగింది సత్తమ్మ.

"లేదు."

"రాయకు. సర్కారుకెందుకు గవన్ని?"

దాన్ని పోస్టులో వేయడానికి వెళుతూ దారిలో అంబదాస్‌కు చూపించాడు. అంబదాస్ రెండుసార్లు చదివి, వెనక్కి తిప్పి చూశాడు. వెనక ఏమీ లేదు. "దీంట్ల ఏడుపే లేదు గద, సిద్దిరాములూ!" అని బాధపడ్డాడు.

హుస్నాబాద్‌లో ఇంటర్వ్యూ కొద్ది నిమిషాల్లో అయిపోయింది. కాగితంలో ఉన్నవే అడిగారు, ఉన్నదే చెప్పాడు. పదిహేను రోజులకు కొలువు ఇచ్చినట్టు ఉత్తర్వు వచ్చింది. ఆ రోజు సత్తమ్మ వాడంతా తిరిగి చెప్పుకొచ్చింది. సిద్దిరాములు మాత్రం మగ్గం మీదున్న చీరె పూర్తిచేసి కోసి ఇచ్చాకే మూట కట్టుకున్నాడు.

కేంద్రంలో మొదటిరోజు పదకొండుమంది ఆడవాళ్లు వచ్చారు. అందరూ వ్యవసాయం పనులు చేసుకునేవాళ్లే, మగ్గాన్ని ఎన్నడూ దగ్గరగా చూసినవాళ్లు కారు. లింగవ్వ అనే ఆమె ముందుకొచ్చి మగ్గం కింది గుంటలో తొక్కుడుచెక్కల మీద కాళ్లు పెట్టి కూర్చుంది.

"ముందుగాల ఏ కాలు తొక్కాలె సారూ?"

పద్దెనిమిదేళ్లుగా తొక్కుతున్నా సిద్దిరాములు ఏనాడూ అది గమనించలేదు. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఆమెను లేవమని, తానే మగ్గంలో కూర్చున్నాడు. పదకొండుమందీ చుట్టూ వంగి చూస్తుండగా నూలు కండె పెట్టిన నాడె విసిరి, మెడ వంచి తన కాళ్లవైపు చూసుకున్నాడు.

"కుడికాలు," అన్నాడు.