శాలువాలు అయిపోయిన సభ

నేను ఒక శాలువాను. చలికి కప్పుకునే రకాన్ని కాదు, సభల్లో కప్పే రకాన్ని. వంగపండు రంగు, జానెడు జరీ అంచు. ఆ అంచు దూరానికి బంగారంలా మెరుస్తుంది, దగ్గరికొస్తే గుచ్చుకుంటుంది. నన్ను కప్పించుకున్న పెద్దమనుషులంతా ఫొటో అయ్యేదాకా నవ్వుతూ, ఆ తర్వాత మెడ గోక్కుంటూ కనిపించేది అందుకే.

పుట్టింది లూధియానాలో, మరమగ్గం మీద. ఆ మగ్గం ఒక్క క్షణం ఆగి ఎరగదు. ఒకర్ని కని మడత పెట్టేలోపే ఇంకొకర్ని కనేది. నాకీ కాలు నిలవని స్వభావం ఆ తల్లి నుంచే వచ్చి ఉంటుంది. శాలువాకి కాలెక్కడిదని అడక్కండి, మాట వరసకన్నాను. నా అట్టపెట్టె మీద 'ఉన్ని' అని రాసి ఉండేది గానీ, ఏ గొర్రెకీ నాతో చుట్టరికం లేదు. లారీలో, రైల్లో, మళ్ళీ లారీలో పడి కాకినాడ చేరాను. పుష్యమాసంలో కూడా ఫ్యాను తిరిగే ఊరు. ఇక్కడ నాతో ఎవరికేం పని అని బెంగ పెట్టుకున్నాను. కొట్టాయన నన్ను దుప్పట్ల వరసలో కాకుండా దండల పక్కన, జ్ఞాపికల పక్కన సర్దినప్పుడు గానీ నా బతుకేమిటో నాకర్థం కాలేదు.

నన్ను కొన్నది వకుళగారు. రామారావుపేటలో ఒక సందులో ఆవిడకి పుస్తకాల కొట్టుంది. ముందుగదిలో పుస్తకాలు, వెనకగదిలో ఆదివారం సాయంత్రాలు రచయితలతో సభలు. "ఏదైనా మంచి పుస్తకం చెప్పండి" అని ఎవరొచ్చినా ఆవిడ బీరువాల వైపు చూడరు, వచ్చినవాళ్ళ మొహం వైపు చూస్తారు. "మీరు ఆఖరున సగంలో వదిలేసిన పుస్తకం ఏదండి?" అని అడుగుతారు. నచ్చిన పుస్తకం ఏదంటే జనం గొప్పకి పోయి కోతలు కోస్తారట, వదిలేసిన పుస్తకం విషయంలో ఎవరూ అబద్ధమాడరట. ఎక్కడ వదిలేశారు, ఎందుకు వదిలేశారు అని కూపీ లాగి, అప్పుడు లేచి ఒక్క పుస్తకం తెచ్చి చేతిలో పెడతారు. రెండోది అడిగితే "ముందిది చదివి రండి" అంటారు. వ్యాపారం చేసేవాళ్ళ లక్షణమేనా ఇది? అయినా జనం వచ్చేవారు. ఇంత చెప్పే మనిషి సభలో మాత్రం మైకు ముట్టుకోరు. "పుస్తకం గురించి ఒకరికి చెప్పగలను, పదిమందికి చెప్పలేనండి" అనేవారు.

మైకు అనంతపద్మనాభం మేష్టారి సొత్తు. కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యారు. వానైనా వరదైనా స్కూటరేసుకుని వచ్చి అధ్యక్షత వహించి వెళ్ళే మంచి మనిషి. ఆయనకున్నది ఒకే ఒక్క ఇబ్బంది, ఆవిష్కరించే పుస్తకం చదవరు. "అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలదటమ్మా? ముందుమాట చదివాను" అంటారు.

మొదటి ఆదివారం నన్ను ఆయన భుజాలకే కప్పారు. ఇక నాకొక ఇల్లు దొరికిందని పొంగిపోయాను. సభ అయ్యాక మేష్టారు నన్ను తీసి, నాలుగు మడతలు పెట్టి వకుళగారి చేతిలో పెట్టేశారు. "మా బీరువాలో చోటు లేదమ్మా. ఇంకో శాలువా తెస్తే గుమ్మం ఎక్కనివ్వనంది మా ఆవిడ. వచ్చే సభకి ఉంచు" అన్నారు.

అంతే, నా గతి అక్కడితో ఖాయమైపోయింది. కాసేపు భుజం, వారమంతా సొరుగు. అమృతాంజనం వాసనేసే కవి భుజం, చెమట కారే విమర్శకుడి భుజం, నన్ను నిజంగానే ఇంటికి తీసుకుపోదామనుకుని మేష్టారి చూపుకి జంకి తిరిగిచ్చేసిన నవలాకారుడి భుజం. ఎవరి భుజమైనా ఆఖరికి మడతే. సొరుగులో నాకు ఊపిరాడేది కాదు. పైన బల్ల దగ్గర వకుళగారు ఎవరికో ఏదో పుస్తకం చెబుతుంటే, ఆ పుస్తకాలు తలా ఒక ఇంటికి వెళ్ళిపోతుంటే, కుళ్ళుకునేదాన్ని. అవును, కుళ్ళే. దాచుకోవడం దేనికి?

అలాంటి రోజుల్లో ఎదురుగా జాకెట్లు కుట్టే నూకరత్నం మా కొట్లోకి వచ్చింది. పుస్తకం కోసం కాదు, కరెంటు పోతే ఇక్కడ ఇన్వర్టరు ఫ్యాను తిరుగుతుందని. ఊరికే కూర్చోనిస్తారా వకుళగారు? అడగాల్సిన ప్రశ్న అడిగేశారు.

నూకరత్నం నవ్వింది. "ఏదని చెప్పమంటారండి? నేను మొదలెట్టినయ్యన్నీ సగమేనండి."

"ఎందుకమ్మా?"

"ఆఖరికి ఏమవుద్దో ముందే తెలిసిపోద్దండి. మా ఇళ్ళల్లో అలాగవ్వదు."

వకుళగారికి పౌరుషం వచ్చింది. ఒకటిచ్చారు, ఇంకొకటిచ్చారు. ప్రతి పుస్తకమూ మధ్యలో ఒక గుడ్డపీలిక గుర్తుతో తిరిగొచ్చేది. ఇంతమందికి పుస్తకాలు చెప్పిన మనిషి ఒక్క నూకరత్నం దగ్గర ఓడిపోయారు. చివరికి విసుగొచ్చి "అయితే మీ ఇళ్ళల్లో ఎలాగవుద్దో నువ్వే చెప్పు" అన్నారు. నూకరత్నం చెప్పడం మొదలుపెట్టింది. కరెంటొచ్చింది, ఆమె లేవలేదు. పుస్తకాలు కొనడానికొచ్చినవాళ్ళు చిల్లర అడగడం మరిచిపోయి నిలబడ్డారు. "ఇదంతా రాసుకురా. నీకివ్వడానికి నా దగ్గర పుస్తకం లేదు, నువ్వే రాయాలి" అన్నారు వకుళగారు.

అలా మొదలైంది. పండగల సీజను కానప్పుడు, మధ్యాహ్నాలు, కుట్టుమిషను చెక్క మీద కాగితాలు పెట్టుకుని రాసేది. కథలు పదిహేనో పదహారో అయ్యాయి, పుస్తకం అచ్చయింది. ఆదివారం సభ అని ఖాయమైంది.

ఆమె భర్త కొండబాబు మరపడవ మీద డ్రైవరు. వేటకి వెళ్తే కొన్నాళ్ళకి గానీ ఒడ్డుకి రాడు. చెడ్డవాడు కాదు. కానీ ఈ రాతల యవ్వారం అతనికి కంట్లో నలుసైంది. రేవులో తోటివాళ్ళు "నీ పెళ్ళాం నీ మీదే రాత్తందంటగా" అని ఆటపట్టించేవారు. సభకి రమ్మని వకుళగారు పిలిస్తే అతను బల్ల ముందు నిలబడి, పెళ్ళాం వింటుండగానే తేల్చి చెప్పాడు.

"వత్తానండి. అంతమంది పెద్దోళ్ళు వత్తారు కదా. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు ఈ పుస్తకం బావుందంటే నేనింక నోరెత్తను. అనలేదా, మిషనూ ఇదీ రెండూ కుదరవండి. మిషనే ఉంటది."

వకుళగారు ఏదో అనబోయారు. నూకరత్నమే అడ్డుపడి "సరే" అంది. సొరుగులోంచి నేనంతా విన్నాను. ఆ సభలు ఎలా జరుగుతాయో నాకు తెలిసినంతగా ఆ పిల్లకేం తెలుసు?

ఆదివారం వచ్చింది. వకుళగారు అతిథులకి కొత్త శాలువాలు తెచ్చారు. నూకరత్నం కోసమని ఒకటి మంచిది, మెత్తటిది, విడిగా పొట్లంలోనే ఉంచి బల్ల కింద పెట్టారు. మొదటి రోజులాగే నేను మేష్టారి భుజం ఎక్కాను.

ముఖ్య అతిథి లేచి, తను కాకినాడలో చదువుకున్న రోజులూ, అప్పటి కాజా రుచీ గుర్తు చేసుకున్నారు. తర్వాతి వక్త సాహిత్యం ఎక్కడికి పోతోందని బాధపడ్డారు. ఎక్కడికి పోయిందో కనుక్కుందామంటే ఆయన చేతిలో ఉన్న పుస్తకం తెరవనే లేదు. ఇంకొకాయన ముఖచిత్రాన్ని మెచ్చుకున్నారు. ముఖచిత్రం మీద కుట్టుమిషను ఉంది, లోపల ఒక్క కథలోనూ లేదట. బొమ్మ వేసినాయన కూడా మెతుకు పట్టి చూసిన బాపతే. మేష్టారు "ముందుమాటలో చెప్పినట్టుగా" అంటూ ముందుమాటంతా చెప్పేశారు. నేను ఆయన మెడని జరీతో గట్టిగా గుచ్చాను. ఆయన నన్ను సర్దుకుని ఇంకా ఉత్సాహంగా మాట్లాడారు.

ఇక సన్మానాలు. చేతికి శాలువా తగిలితే మేష్టారు ఆగరు. అతిథులకి కప్పారు. పుస్తకం అచ్చేసిన ప్రెస్సాయన్ని పిలిచి కప్పారు. బొమ్మ వేసినాయనకి కప్పారు. మైకు అమర్చిన కుర్రాడు మొహమాటపడుతుంటే లాక్కొచ్చి మరీ కప్పారు. సరిగ్గా అప్పుడు రిటైర్డ్ తాసీల్దారొకాయన ఆలస్యంగా లోపలికొచ్చారు. "మన మధ్యకి విచ్చేసిన" అంటూ మేష్టారు చుట్టూ చూసి, బల్ల కింది పొట్లం చటుక్కున లాగి చింపి, ఆయనకి కప్పేశారు. వకుళగారు అప్పుడు వెనక బజ్జీల పళ్ళేల దగ్గరున్నారు. చప్పట్లు మోగాయి. వందన సమర్పణ అయింది. కుర్చీలు కిర్రుమన్నాయి.

పుస్తకం రాసినావిడ ఎక్కడుందో ఎవరూ అడగలేదు. ముందు వరస అతిథులకని ఎవరో లేపితే, నూకరత్నం వెళ్ళి వెనక వరసలో కూర్చుంది. పిలుస్తారని పమిట సర్దుకుంటూ అక్కడే ఉంది. నాకు ఏడుపొచ్చింది. అంతమంది భుజాలెక్కి ఊరేగిన దాన్ని, నా మీద నాకే అసహ్యమేసింది.

గుమ్మం పక్కన నిలబడ్డ కొండబాబు పెళ్ళాం దగ్గరికొచ్చాడు. "పద" అన్నాడు. గెలిచినవాడి గొంతు కాదది, తనకే అవమానం జరిగినట్టుంది. నూకరత్నం సంచీ తీసుకుని లేచింది.

వకుళగారు బజ్జీల పళ్ళెం పక్కన పెట్టి గుమ్మానికి అడ్డంగా వచ్చి నిలబడ్డారు. మైకు వైపు చూడను కూడా లేదు. బల్ల దగ్గర అడిగినట్టే అడిగారు.

"కొండబాబూ, నువ్వు ఆఖరున సగంలో వదిలేసిన పుస్తకం ఏదయ్యా?"

"నేను పుస్తకాలు చదవనండి."

"ఎవరైనా చదివి వినిపిస్తే?"

అతను తల దించుకున్నాడు. "ఇదేనండి. ఒక కథ చదివింది నాకు. సగంలో లేచెళ్ళిపోయాను."

"ఎక్కడ లేచావు?"

"అందులో పడవ మీద ఒకడుంటాడండి. నడిసముద్రంలో ఇంజను ఆగిపోద్ది. ఎటు కొట్టుకుపోతన్నారో తెలీదు. ఆడు వల ఒంటి మీద కప్పుకుని, ఎవరికీ కనపడకుండా ఏడుత్తాడు." పెళ్ళాం వైపు చూశాడు. "అది నేనండి. దీనికొక్కదానికే చెప్పాను."

చుట్టుపక్కల నలుగురూ నమలడం ఆపారు.

"తర్వాత ఏమైందో తెలుసుకోవాలని లేదా?" అన్నారు వకుళగారు.

"ఉందండి." ఆ మాట అతని నోట్లోంచి చాలా కష్టంగా వచ్చింది. "అడగలేదు."

వకుళగారు పుస్తకం తీసి, ఆ కథ దగ్గర తెరిచి నూకరత్నం చేతికిచ్చారు. ఆమె అక్కడే, గుమ్మం దగ్గరే, మైకు లేకుండా చదవడం మొదలుపెట్టింది. వల కింద ఆ మనిషి ఏడుస్తుంటాడు. ఎవరో వల ఎత్తుతారు. సరంగు. పడవకంతటికీ పెద్ద, ఎవర్నీ నవ్వుతూ పలకరించి ఎరగని ముసలాయన. తిడతాడని అతను బిగుసుకుపోతాడు. సరంగు వంగి, వల కిందకి దూరి, "జరగరా, నాక్కూడా కాత్త చోటియ్యి" అంటాడు.

తాసీల్దారుగారు బజ్జీ చేత్తో పట్టుకుని ఉండిపోయారు.

"సరంగు అలాగనలేదు" అన్నాడు కొండబాబు మెల్లగా. "ఆడసలు నన్ను చూళ్ళేదు."

నూకరత్నం పుస్తకంలోంచి తలెత్తింది. "అనుంటే బావుండునని రాశానయ్యా."

అప్పటికి మేష్టారికి తను చేసిన ఘనకార్యం అర్థమైంది. ఆ పెద్దాయన మొహం చూస్తే నాకే జాలేసింది. గబగబా వచ్చి, తన భుజం మీంచి నన్ను తీసి, రెండు చేతులతో ఆమె ముందు పట్టుకున్నారు. నూకరత్నం పేజీలో వేలు పెట్టి, రెండో చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండండి మేష్టారూ, ఇంకా అయిపోలేదండి."

ఉన్నారు. కథ అయ్యేదాకా మేష్టారు నన్నలా పట్టుకునే నిలబడ్డారు, నేను గాల్లో వేలాడుతూనే విన్నాను. ఎన్ని సభలు చూశానో, సభలో ఒక పుస్తకం లోపల ఏముందో వినడం నాకదే మొదలు. కథ అయ్యాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అప్పుడు మేష్టారు నన్ను ఆమెకి కప్పి, "రేపు మొదటి పేజీ నుంచీ చదువుతానమ్మా" అన్నారు.

శాలువా తిరిగివ్వాలన్న ఆనవాయితీ నూకరత్నానికి ఎవరూ చెప్పలేదు. వకుళగారు కూడా నోరు విప్పలేదు. అందుకని ఇప్పుడు నేను ఎదురు కొట్లో కుట్టుమిషను మీద దుమ్ము పడకుండా పరుచుకుని ఉంటున్నాను. ఆమె కుట్టేటప్పుడు నన్ను మేకుకి తగిలిస్తుంది, రాసేటప్పుడు ఒళ్ళో వేసుకుంటుంది. సిరా మరకలు పడ్డాయి, జరీ ఊడొస్తోంది. నాకు కుదురు మాత్రం ఇంకా రాలేదు. ఒక పేజీ రాసి వారం దాకా రెండోది ముట్టుకోదు మహాతల్లి, ఇక్కడ నా ప్రాణం కొట్టుకుపోతూ ఉంటుంది.

ఆ ఆదివారం సంగతి ఇంకొకటుంది. జనం వెళ్ళిపోయాక నూకరత్నం నన్ను కప్పుకునే బల్ల పక్కన నిలబడి ఉంది. పందెం మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే కొండబాబే గెలిచినట్టు, ఎందుకంటే ఆ సభలో ఒక్కరు కూడా పుస్తకం బావుందని పైకి అనలేదు. అతను బల్ల దగ్గరికొచ్చి "ఒక పుస్తకం ఇవ్వండి" అన్నాడు.

"మీ ఇంట్లోనే కట్టలు కట్టలున్నాయి కదయ్యా" అన్నారు వకుళగారు.

"అయ్యి దానియ్యండి. ఇది పడవలోకి." పుస్తకం అందుకుని, తడవకుండా చొక్కా లోపల పెట్టుకున్నాడు. "మా సరంగుకి వినిపించాలి."