వెనక వరస

కోల్డ్ స్టోరేజిలో పరాంకుశం భోజనాల బల్ల వేసుకుని కూర్చుని ఉన్నాడు. అది తమ ఇంట్లోని బల్లే, కుంటికాలు కింద మడిచి పెట్టిన అట్టముక్కతో సహా. అయినా దాని చుట్టూ మిర్చి బస్తాలు కప్పుదాకా పేర్చి ఉన్నాయి, చలికి ఊపిరి ఆవిరై కనిపిస్తోంది, ఆండాళు శాలువా తలమీదుగా కప్పుకుని అతనికేసి నడుస్తున్నకొద్దీ బల్ల కొంచెం కొంచెం వెనక్కి జరుగుతోంది. భర్త పోయి ఏడాది దాటిన సంగతి ఆమెకు గుర్తుంది. ఆ మాటెత్తితే లేచి వెళ్ళిపోతాడేమోనని ఎత్తడం లేదు.

"తుమ్మొస్తోందా?" అంటాడు తలెత్తకుండానే. "మొన్న కూడా తుమ్ముకుంటూనే లెక్కపెట్టావంటగా."

"మీకెవరు చెప్పారు?"

"శేషగిరి."

ఆ పేరు వినగానే ఆమె కాళ్ళు ఆగిపోతాయి. శేషగిరి పరాంకుశానికి ప్రాణస్నేహితుడు, ఈ కోల్డ్ స్టోరేజి యజమాని. రైతులు దాచుకున్న సరుకంతా ఇక్కడ భద్రంగా ఉందని ఆడిటరుగా ఆండాళు సంతకం పెట్టాలి, తెల్లవారితే పెట్టాలి, ఆ సంతకం చూసే బ్యాంకు అతనికి అప్పిస్తుంది, అది చూసే రైతులు నిశ్చింతగా నిద్రపోతారు. మొన్న సరుకు చూడటానికి వచ్చినప్పుడు ఆమె ముందు వరస మాత్రం లెక్కపెట్టింది. "వెనక్కెందుకు చెల్లెమ్మా, ఆ ఘాటుకి ప్రాణం పోద్ది" అని శేషగిరి చేతికి టీ గ్లాసు అందిస్తే, వెనక ఎన్ని వరసలున్నాయో అతను చెప్పిందే రాసుకుని, హెచ్చవేసి, ఇంటికి వచ్చేసింది.

చివరికి బల్ల దగ్గరికి చేరి కూర్చునేసరికి బస్తాలు లేవు, వాటి చోట పుస్తకాల బీరువాలు ఉన్నాయి, ఇది యూనివర్సిటీ లైబ్రరీ, పరాంకుశం జపనీస్ పాఠాలు చెప్పిన రోజుల్లోని లైబ్రరీ, చలి మాత్రం అదే. అతని ముందు ఒక జపనీస్ కథ జిరాక్సు కాగితాలున్నాయి. ఆ కథ మీద రాసిన వ్యాసమే అతనికి పేరు తెచ్చింది. వాళ్ళ భాషలోనూ మనలాగే క్రియ వాక్యం చివర్లో వస్తుందనీ, అవునో కాదో ఆఖరి మాటదాకా తేలదనీ, ఆ రచయిత చివరి వాక్యాన్ని క్రియ లేకుండా వదిలేయడంలోనే ఆ భాష మౌనమంతా ఉందనీ రాశాడు. విద్యార్థులు పరీక్షల్లో అదే అప్పజెప్పేవారు.

"దీని తర్వాత ఇంకో పేజీ ఉంది" అంటాడు.

"ఆస్పత్రిలో ఉన్నప్పుడు మీరే చెప్పారుగా. జిరాక్సు తీసినవాడు ఆఖరి కాగితం వదిలేశాడని."

"ఆ వాక్యం నిక్షేపంగా పూర్తయిందే. కథలో అతను ఇంటికెళ్ళి అన్నం తిన్నాడు, అంతే. మౌనమూ లేదు, గాడిదగుడ్డూ లేదు."

ఆమెకు నవ్వొస్తుంది. అతను నవ్వడు.

"దిద్దమన్నాను నిన్ను."

"మీరు పోయాక మీ రాత తప్పని నేనే చాటమంటారా?"

"తప్పని చెప్పొద్దు. పేజీ ఉందని చెప్పు చాలు."

ఎక్కడో చలి మిషను ఆగి మళ్ళీ మొదలవుతుంది. శేషగిరి బీరువాల అవతల నిలబడి వింటున్నాడని ఆమెకు అనిపిస్తుంది, అందుకే గొంతు తగ్గిస్తుంది. "ఆస్పత్రిలో లిఫ్టు చెడిపోయిన రోజున ఆయన మిమ్మల్ని మెట్లన్నీ భుజాన వేసుకుని మోశాడండీ."

"మోశాడు. అప్పటికి నేనేం బరువున్నానని."

"వేళాకోళం కాదు."

"కాదు. మోసింది నన్ను. ఆ రుణం నాది, నా దగ్గరే ఉండనీ. ఒకళ్ళ ఖాతాలోది ఇంకొకళ్ళ ఖాతాలో కలుపుతావా నువ్వు?"

"కలపను."

"మరి దాన్ని తీసుకెళ్ళి రైతుల బస్తాల్లో ఎందుకు కలుపుతున్నావ్?"

"చూశాక లేవని తేలితే? ఆయన జైలుకెళ్తాడు. వాళ్ళావిడ మన పిల్లకి జడలేసింది, ఆమె మొహం నేనెట్లా చూడను?"

"ఉంటే?"

ఉంటాయని నమ్మి ఉంటే ఇంత చలిలో ఇక్కడికి వచ్చేదే కాదని ఆమెకు ఇప్పుడే తెలుస్తోంది. అతను లేచి బీరువాల మధ్య నడిచిపోతున్నాడు, ఆమె వెంటపడుతుంది, నడుస్తుండగానే బీరువాలు గోనెసంచులైపోతాయి, ముందు వరస గోడలా గట్టిగా ఉంది, రెండు బస్తాల సందులోంచి ఆమె చెయ్యి దూరుస్తుంది, మోచెయ్యి దాటుతుంది, భుజందాకా వెళ్తుంది, వేళ్ళకు ఏదీ తగలడం లేదు.

"ఏమండీ, ఏముంది వెనక?"

"వెనక వరసలో..." అంటాడు పరాంకుశం. ఆమె తర్వాతి మాట కోసం ఊపిరి బిగబట్టి నిలబడి ఉంది.

ఫోను మోగింది.

ఆండాళు కళ్ళు తెరిచింది. చెయ్యి మంచం అవతలి పక్క దుప్పటి కింద భుజందాకా దూరిపోయి ఉంది. భర్త పోయినప్పటి నుంచీ ఆ పక్క బోసిగా కనిపించకూడదని రెండు బాలీసులు పేర్చి, వాటిమీద దుప్పటి ముడత లేకుండా లాగి పెడుతోంది. గుమ్మంలోంచి చూస్తే మనిషి పడుకున్నట్టే ఉంటుంది. బాలీసుల వెనక పరుపు చల్లగా తగిలింది.

"చెల్లెమ్మా, లేచావా? కాయితాలు పంపించమంటావా, సంతకానికి?" శేషగిరి గొంతు హుషారుగా ఉంది.

ఆమె చెయ్యి బయటికి తీసుకుంది.

"అన్నయ్యగారూ, హమాలీల్ని పిలిపించండి. ముందు వరస దింపించి వెనకవి చూస్తాను. అయ్యాకే సంతకం."

అవతల మాట లేదు. ఫోను పెట్టేయనూ లేదు. ఆ మౌనానికి ఆండాళు ఏ అర్థమూ చెప్పుకోలేదు.

"వస్తున్నాను" అని, శాలువా కోసం లేచింది.