నాలుగో వీధి నీళ్లు

నేను ఒక ఇనుప కీని. బీరువాలు తెరిచే కీని కాను, నీళ్లు వదిలే కీని. ఛాతీ ఎత్తు కడ్డీ, పైన రెండు చేతులతో పట్టుకునే అడ్డపిడి, కింద నలుపలకల గుంట, అదీ నా రూపం. రోడ్డు కింద గోతిలో ఉండే వాల్వు తలకు నా గుంట తొడిగి తిప్పితే ఒక వీధికి నీళ్లు వస్తాయి. రెండోవైపు తిప్పితే ఆగిపోతాయి. నీళ్లు వచ్చినన్నాళ్లూ నేనున్నానన్న సంగతి ఎవరికీ పట్టదు. ఒక్కపూట రాకపోతే మాత్రం నన్ను పట్టుకున్న మనిషి పేరు వీధి వీధంతా వినబడుతుంది.

విజయనగరం వైపు ఒక జనపనార మిల్లు ఉండేది. దాని వర్క్‌షాపులో గవరయ్య అనే ఫిట్టరు విరిగిన ఇరుసుతో నన్ను చేశాడు. మిల్లు క్వార్టర్స్‌లో నీళ్లు వదిలే పనికి కొత్తగా చేరిన దాలయ్యను పక్కన నిలబెట్టి, నడుం వంగకుండా తిప్పగలిగేట్టు అతని ఎత్తుకు కొలిచి కోశాడు. అప్పటికి దాలయ్యకు ఇరవై రెండేళ్లు. ఆ తరువాత ముప్ఫై నాలుగేళ్లు నేను ఆ ఒక్క మనిషి చేతిలోనే ఉన్నాను.

ఆరు వీధులు, పదకొండు వాల్వులు. ఏది ఎన్ని చుట్లకు తెరుచుకుంటుందో దాలయ్య ఎక్కడా రాసుకోలేదు. మూడో వీధిది పద్నాలుగు చుట్లు. ఆరో వీధిది పన్నెండో చుట్టు దగ్గర మొండికేస్తుంది. అక్కడ అతను బలం పెట్టేవాడు కాదు. కాసేపు ఆగి, అరచుట్టు వెనక్కి తిప్పి, మళ్లీ మెల్లగా ముందుకు తీసుకెళ్లేవాడు. నా పిడికి చెవి ఆనించి, భూమి లోపల పారే నీళ్ల చప్పుడు వినేవాడు. అప్పుడు అతని చెంప వెచ్చగా తగిలేది. ఇనుముకు అంతకంటే ఏం కావాలి?

మిల్లు మూతపడింది. యంత్రాలు లారీలెక్కాయి, మేనేజర్లు కార్లెక్కారు. క్వార్టర్లు కార్మికులకు మిగిలాయి. వాటితోపాటే నేలలో తుప్పు పడుతున్న నీళ్ల పైపులూ, మురుగు పైపులూ మిగిలాయి. ఇవి మావి అని ఏ ఆఫీసూ అనలేదు. చివరికి కాలనీవాళ్లే కమిటీ వేసుకున్నారు. మిల్లులో టైమ్‌కీపరుగా చేసిన విశ్వేశ్వరరావు దానికి సెక్రటరీ. దాలయ్య పొద్దున నీళ్లు వదిలేవాడు. మధ్యాహ్నం మురుగు తూముల్లోకి వెదురు బద్దలు పోనిచ్చి అడ్డు తీసేవాడు. మనుషులు మురుగు గురించి మాట్లాడడానికి సిగ్గుపడతారు. అది పొంగినప్పుడు మాత్రం సిగ్గు ఉండదు.

నాలుగో వీధిలో నీళ్ల పైపూ మురుగు పైపూ ఒకే కందకంలో పక్కపక్కన ఉన్నాయి. రెండుసార్లు తవ్వడం దేనికని ఎప్పుడో మిల్లువాళ్లు చేసిన పని అది. ఒకరోజు దాలయ్య నా పిడికి చెవి ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయాడు. పైపు చిల్లుపడింది. కుళాయిలు కట్టేసిన వేళ ఆ చిల్లులోంచి మురుగు లోపలికి దిగుతుంది. ఆ మాట కమిటీకి చెప్పాడు. మూడేళ్లు చెప్పాడు. అర్జీ పెట్టాం, కొత్త పైపు వస్తుంది, ఓపిక పట్టమన్నారు.

మూడో ఏడు వేసవిలో ఇక ఊరుకోలేక నాలుగో వీధి వాల్వు కట్టేయడానికి నన్ను తీసుకుని బయలుదేరాడు. బిందెలతో ఆడవాళ్లు చుట్టూ చేరారు. ఈ ఎండల్లో నీళ్లు ఆపితే ఎలా బతకాలని అడిగారు. కుట్టుమిషను పెట్టుకుని బతికే ఝాన్సీ, ఆమె తల్లి సీతారత్నం అందరికంటే ముందు నిలబడ్డారు. సెక్రటరీ కూడా వచ్చి, వానలు పడేదాకా ఆగుదామన్నాడు. అప్పటికి దాలయ్య నాలుగు చుట్లు తిప్పాడు. అందరి ముఖాలూ చూశాడు. ఆ నాలుగు చుట్లూ వెనక్కి తిప్పేశాడు.

మొదటి వానకే మురుగు పొంగింది. ఆ వీధిలో పంతొమ్మిది మంది వాంతులతో ఆసుపత్రి పాలయ్యారు. మూడో రోజున సీతారత్నం చనిపోయింది. దాలయ్య వెళ్లి వాల్వు కట్టేశాడు. వాల్వు దగ్గర్నుంచి వస్తుంటే ఝాన్సీ గుమ్మంలో నిలబడి ఒక్కటే అడిగింది.

"మా అమ్మకి ఏటి తాగించీసినావు బాబాయ్?"

దాలయ్య వారం తిరగకుండా నన్ను పంపుహౌసు గోడకు ఆనించి, పలాస దగ్గర చెల్లెలి ఊరికి వెళ్లిపోయాడు. వెళ్లేముందు నన్నొకసారి తుడిచాడు. తుడిచింది నన్ను అట్టిపెట్టుకోవడానికనుకున్నాను.

తరువాత ఇద్దరు వచ్చారు, ఇద్దరూ నిలవలేదు. మూడోసారి ఝాన్సీ వచ్చి, ఈ పని తనకిమ్మని అడిగింది. కమిటీవాళ్లు ముఖముఖాలు చూసుకున్నారు. ఎందుకని అడిగితే, మా వీధికి నీళ్లు రావాలి కదా అని మాత్రం అంది. ఆమెకు నేను మరీ పొడవు. మోచేతులు భుజాలదాకా ఎత్తి తిప్పేది. అరచేతులు బొబ్బలెక్కాయి. ఒక్కో వాల్వు దగ్గరా చుట్లు పైకి లెక్కపెట్టి నోటుపుస్తకంలో రాసుకునేది. ఆమె మంచిది, శ్రద్ధగలది. కానీ ఆరో వీధి వాల్వు మొండికేసినప్పుడల్లా నాకు ఇంకో చెయ్యి గుర్తొచ్చేది.

మరుసటి వానాకాలం ఐదో వీధి నీళ్లు వాసన కొట్టాయి. ఇద్దరు పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి. విచిత్రం ఏమిటంటే, కొత్త పైపు రాక ఏడాదిగా కట్టేసి ఉన్న నాలుగో వీధి కుళాయిల్లో కూడా సన్నగా నీళ్లు కారుతున్నాయి. కమిటీ పిలిపించిన ఇంజనీరు వచ్చి చూసి, ఈ రెండు వీధుల పైపులూ నేలలో ఎక్కడో కలిశాయి, నాలుగో వీధి మురుగు ఐదుకు పోతోందన్నాడు. ఆ చోటు దొరికేదాకా మొత్తం కాలనీకే నీళ్లు ఆపేయమన్నాడు. రెండు వందల ఇళ్లు ట్యాంకరు ముందు బారులు తీరాయి. మూడు చోట్ల తవ్వారు, మట్టి తప్ప ఏమీ దొరకలేదు. మిల్లువాళ్ల పాత ప్లాను చెదలు తినేసింది.

ఆ చోటు తెలిసిన మనిషి ఒక్కడే. వెళ్లి అడగడానికి సెక్రటరీకి ముఖం చెల్లలేదు. ఝాన్సీ వెళ్లింది. అతను వస్తానంటే చేతిలో పెట్టేద్దామని నన్ను కూడా గోనెలో చుట్టి బస్సు సీటు కింద పెట్టుకుంది. ఆ ప్రయాణమంతా నేను ఒక్క మనిషి కోసమే ఎదురుచూశాను.

దాలయ్య చెల్లెలి వాకిట్లో జీడిపిక్కలు ఆరబోసి ఉన్నాయి. అతను వాటికి కాపలాగా గోడ నీడన కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు. ఝాన్సీని చూసి లేచి నిలబడ్డాడు. చెల్లెలే పీట వేసి మంచినీళ్లిచ్చింది. ఝాన్సీ తాగి, గ్లాసు కింద పెట్టి, జరిగిందంతా చెప్పింది.

"ఉందమ్మా," అన్నాడు దాలయ్య. "నాలుక్కీ ఐదుకీ మద్దెన అడ్డపైపొకటుంది. ఒక కరువేడు మేనేజరు ఏయమంటే నానే ఏసినాను. వాల్వు కట్టీసినాను కూడాను. లోపల అరిగిపోయుంటాది."

"ఎక్కడుంది బాబాయ్?"

చెప్పబోయి ఆగిపోయాడు. ఆ పైపు వేశాక సిమెంటు రోడ్డు పడింది, గుర్తులన్నీ పోయాయి. "నోటితో సెప్పలేను పాపా. కాళ్లకి తెలుసు," అన్నాడు. అప్పుడు అతని చూపు గోనె మీద పడింది. ఝాన్సీ విప్పి నన్ను అందించింది.

ఏడాది తరువాత ఆ అరచేతులు నా పిడి మీద పడ్డాయి. నేను ఇనుమును కాబట్టి సరిపోయింది.

దాలయ్య వాకిలి మూల నిలబడి, ఇది పంపుహౌసు అన్నాడు. అక్కడినుంచి జీడిపిక్కలు తొక్కుకుంటూ నడవడం మొదలుపెట్టాడు. మొదటి వాల్వు దగ్గర ఆగి, నన్ను దించి, గాలిలో తిప్పి, మళ్లీ నడిచాడు. మలుపు తిరిగాడు. చిన్న వాకిలి అది. గోడ అడ్డం వచ్చినప్పుడల్లా వెనక్కి తిరిగి, అదే వీధి ముందుకు సాగుతున్నట్టే నడిచాడు. ఝాన్సీ వెనకాలే అడుగులు లెక్కపెట్టి రాసుకుంది. చెల్లెలు పిక్కలు చెదిరిపోతున్నా ఏమీ అనలేదు. చివరికి ఒకచోట ఆగాడు.

"ఇక్కడ. నాలుగో వీధి ఆకరింటి గోడకాడి నుంచి ఏడడుగులు. కాలవ పక్కకి కాదు, ఇవతలికి."

ఝాన్సీ రాసుకోవడం అయ్యాక కూడా అతను అక్కడే నిలబడ్డాడు. "మీ అమ్మకి ఆ నీళ్లొదిలినోడ్ని నానే గదా," అన్నాడు.

"ఆపొద్దని నీకు అడ్డం నిలబడింది నాను, బాబాయ్. ఆ మాట ఇంతవరకూ ఎవలికీ సెప్పలేదు."

నోటుపుస్తకం మూసి, వచ్చి మళ్లీ పని చూసుకోమని ఆమె అడిగింది. దాలయ్య నన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు. వస్తాడనుకున్నాను.

"ఒద్దమ్మా. నన్ను సూసినప్పుడల్లా ఆళ్లకి ఆ నీళ్లే గుర్తొస్తాయి. నువ్వే తిప్పు. ఇది నీకు పొడుగు. ఒక జానెడు కోయించుకో."

అని నన్ను తిరిగి ఇచ్చేశాడు.

అడ్డపైపు దాలయ్య చెప్పిన చోటే, రెండడుగుల లోతున దొరికింది. దాన్ని కోసి మూతలు బిగించారు. నాలుగో వీధి కుళాయిలు పొడిబారాయి. ఐదో వీధి నీళ్లు పరీక్షలో మంచివని తేలాయి. మిగిలిన కాలనీకి నీళ్లు వదిలారు. మరో ఎనిమిది నెలలకు నాలుగో వీధిలో రోడ్డుకు అవతలి పక్కన, మురుగుకు దూరంగా, వేరే కందకంలో కొత్త పైపు పడింది. ఈలోగా ఝాన్సీ నన్ను వెల్డింగు షాపుకు తీసుకెళ్లి జానెడు కోయించి అతికించింది. ఇప్పుడు ఆమె మోచేతులు సరిగ్గా ఉంటాయి. పని తేలికైంది. ఆ కోసిన ముక్క షాపు మూల చెత్తలో పడింది. అది నాలో దాలయ్య వంతు అనుకుంటాను.

కొత్త పైపులో నీళ్లు వదిలిన రోజున ఝాన్సీ ఒక గంటసేపు కాలవలోకి పారనిచ్చి, ఆ తరువాతే వీధివాళ్లను పట్టుకోనిచ్చింది. తనూ ఒక సీసా నింపుకుంది. మర్నాడు పలాస బస్సెక్కింది. నన్ను తీసుకెళ్లలేదు. దేనికి తీసుకెళ్తుంది? రోజంతా పంపుహౌసు తలుపు వైపు చూస్తూ ఉన్నాను.

సాయంత్రం తిరిగొచ్చి ఖాళీ సీసా కిటికీలో పెట్టింది. సెక్రటరీ ఆత్రంగా వచ్చి, ఏమన్నాడని అడిగాడు. దాలయ్య సీసా చేతిలోకి తీసుకుని చాలాసేపు ఎండకేసి చూశాడట. చెల్లెలికి గ్లాసెడు పోసి, మిగతాది తను తాగాడట. కన్నీళ్లు పెట్టుకున్నాడా అని సెక్రటరీ అడిగాడు.

"లేదండి. బ్లీచింగు కూసింత ఎక్కువేసీసినావమ్మా అన్నాడు."

నీళ్లలో కలిపే బ్లీచింగు ఎంతుందో చూడడానికి ఆమె పరీక్ష గొట్టంలో నీళ్లు పట్టి మందు చుక్కలు వేసింది. పసుపు రంగు ఉండవలసినదానికంటే ముదురుగా వచ్చింది. మర్నాడు పొద్దున ట్యాంకులో బ్లీచింగు పౌడరు ఒక గరిటె తగ్గించి కలిపి, నన్ను భుజాన వేసుకుని మొదటి వీధికి బయలుదేరింది.