ఛాంబర్ విప్పిన రోజు

ఇంజను జబ్బును చెవితోనే పట్టేస్తానని నాకు గర్వం. పొడుగు స్క్రూడ్రైవర్ మొనను ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుంటే లోపల ఏ ముక్క మూలుగుతున్నదో చెప్పగలను. ఆదిలాబాద్ జిన్నింగు మిల్లుల రోడ్డులో ఇరవై రెండేళ్లుగా నా షెడ్డు నడుస్తున్నది ఈ చెవి మీదే.

ఆ ఉదయం గంగుబాయి పికప్పును ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చారు. గంగుబాయి ఊళ్లలో పత్తి కొని మిల్లుకు చేర్చే మనిషి. స్టీరింగు ముందు కూర్చున్న డ్రైవర్ పర్శరాములు సిరిసిల్లలో సాంచలు, అంటే మరమగ్గాలు నడిపి, ఆ దుమ్ముకు దగ్గు పట్టి, ముప్పై అయిదేళ్ల వయసులో డ్రైవింగు నేర్చుకున్నవాడు. ఏడేళ్లుగా ఈ బండే అతని బతుకు.

ఒక్క నిమిషం స్టార్ట్ చేయించాను. ఇంజను కింది భాగం నుంచి కట్ కట్ మని దెబ్బ. స్క్రూడ్రైవర్ కిందికి జరిపేకొద్దీ ఆ దెబ్బ నా దవడలోకి దిగింది. ఆపమన్నాను. క్రాంకు బేరింగులు పోయాయి. ఆయిల్ అందకపోతేనే అవి అట్లా పోతాయి.

"ఆయిల్ అందకుంటే ఎర్ర లైటు వెలుగుతది గదా, నిరంజన్?" అంది గంగుబాయి.

"వెలుగుతది బాయీ."

బండి కొత్తలో కొండగట్టులో పూజ చేయించి, స్టీరింగుకు అంజన్న దారం కట్టించింది ఆమే. మా పత్తి బండ్ల యార్డులో పంచాయతీ వస్తే డ్రైవరు ఆ దారం పట్టుకొని చెప్పిన మాటే ఆఖరు.

"దారం పట్టుకో, పర్శరాములూ. లైటు వెలగలేదని చెప్పు. నమ్ముత."

అతను దారం పట్టుకున్నాడు.

"వెలిగింది బాయీ. గుడిహత్నూర్ దాటినంక వెలిగింది. ఆపి గేజు తీసి చూసిన. ఆయిల్ నిండుగనే ఉన్నది. జరసేపటికి లైటు ఆరింది. ఇంక ఫికర్ లేదనుకొని వచ్చిన."

నాకు ఒళ్లు మండింది. "లైటు వెలిగినంక గూడ నడిపినవా? కండ్లు నెత్తికెక్కినయా? ఇంజనును నువ్వే సంపినవ్."

షెడ్డు ముందు టీ తాగుతున్న నలుగురు డ్రైవర్లు ఇటు తిరిగారు. ఆ మాట మధ్యాహ్నానికల్లా యార్డంతా తిరుగుతుందని నాకు తెలుసు. లైటు వెలిగినా నడిపాడన్న పేరు పడ్డాక ఇక్కడ ఎవరూ బండి చేతికివ్వరు. గంగుబాయి చెయ్యి చాపితే పర్శరాములు తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు.

"మల్ల సాంచల మీదికే పోవాలె," అన్నాడు తనలో తను.

ఛాంబర్ విప్పేటప్పుడు ఓనరూ డ్రైవరూ ఇద్దరూ ఉండాలన్నది మా దగ్గర పద్ధతి. అందుకని అతను వెళ్లిపోలేదు. నేను విప్పి ఇచ్చిన బోల్టులు డీజిల్లో కడుగుతూ కూర్చున్నాడు.

బండి కింద పడుకొని, ఇంజను అడుగున ఆయిల్ నిలిచే ఛాంబర్ నుంచి ముందు ఆయిల్ దించాను. నిండుగానే ఉంది. అతను చెప్పింది నిజం. ఛాంబర్ తీసి, పంపు ఆయిల్ పీల్చుకునే జాలీ మీద టార్చి వేశాను. జాలీ పూర్తిగా మూసుకుపోయింది. గోటితో గీకితే బూడిద రంగు రబ్బరు ముక్కలు సాగుతూ ఊడి వచ్చాయి.

ఛాంబర్ అంచున ఆయిల్ కారకుండా పూసే పేస్టు అది. ఆ పేస్టు నాది. వానకాలంలో ఆయిల్ చుక్కలు కారుతున్నాయని గంగుబాయి అంటే ఇదే ఛాంబర్ విప్పి బిగించాను. నా చెయ్యి పడ్డ బండి ఒక్క చుక్క కారకూడదన్న పట్టుదలతో అంచుకు రెండు వైపులా మందంగా పూశాను. పలచగా పూయాలని తెలిసీ పూశాను. ఎక్కువైన పేస్టు లోపలికి పొంగి, ఎండి, తెగి జాలీకి అడ్డం పడింది. కడుపు నిండా ఆయిల్ ఉండి కూడా ఇంజను ఎండిపోయింది.

బండి కింద నేనొక్కణ్ణే. వాళ్లకు కనిపించేది నా కాళ్లే. జాలీ తుడిచేస్తే సరిపోతుంది. నా పిడికిలి ఆ ముక్కల మీద మూసుకుంది, జేబు దాకా పోయింది కూడా. ఇరవై రెండేళ్ల పేరు మరి. పక్కనే బోల్టులు కడుగుతున్న చప్పుడు. తనది కాకుండా పోయిన బండికి అతను బోల్టులు కడుగుతున్నాడు. నాకు సిగ్గనిపించింది. అంత సిగ్గు నేనెప్పుడూ పడలేదు.

బయటికి వచ్చి పిడికిలి విప్పాను.

"గిది నేను పూసిన పేస్టు బాయీ. ఆయిల్ పీల్చే తొవ్వ మూసుకపోయింది. ఇంజను నేనే చేసిస్త. పర్శరాములు తప్పేం లేదు."

గంగుబాయి ఆ ముక్కలను చూసింది, నన్ను చూసింది. తాళంచెవి అతని ముందు పెట్టింది. అతను తీసుకోలేదు. నా అరచేతిలోకే చూస్తున్నాడు.

"అన్నా, హనుమంతు బండి ఛాంబర్ గూడ వానకాలంల నువ్వే విప్పినవ్ గదా," అన్నాడు.

హనుమంతు మా యార్డులోనే ఇంకో పికప్పు నడిపేవాడు. పోయిన నెల అతని ఇంజను ఇలాగే ఆగిపోతే, ఓనరు పాతది విప్పి చూడకుండానే పాత ఇనుముకు వేసి కొత్తది ఎక్కించుకున్నాడు. డ్రైవరుదే తప్పా అని నాకు ఫోన్ చేసి అడిగితే, ఇంకెవరిది అని నవ్వాను.

"ఏడున్నడిప్పుడు?"

"భివండీ పోయిండు. సాంచల మీదికి."

నంబరు అతనే కలిపి ఇచ్చాడు. అవతల మగ్గాల మోత.

"హనుమంతూ, నేను నిరంజన్‌ను. నీ బండి ఛాంబర్‌కు పేస్టు ఎక్కువ పూసిన. తప్పు నాది, నీది కాదు."

మోతలో వినపడలేదు, మళ్లీ చెప్పమన్నాడు. గొంతు పెంచి మళ్లీ చెప్పాను. ఈసారి విన్నాడు.

"మా అవ్వకు ఫోన్ చేసి చెప్తవా అన్నా," అన్నాడు. "ఆమె గూడ నన్ను నమ్మలే."